మొదటి క్లిక్కు వాళ్ళకి వదిలేయండి

పదకొండూ పదికి రత్నం ఫ్లాస్కు మూత తీసి రెండు గ్లాసుల్లో టీ పోసింది. రోజూ ఆ వేళకే పోసేది. దసరా పూజ సెలవుల చివరి వారం అది. మాది బెంగాలీలో నడిచే రైల్వే ఊరు, తెలుగువాళ్ళూ ఎక్కువే. న్యూ సెటిల్‌మెంట్‌లో మా షాపు ఒకటే గది. లోపల రెండు కంప్యూటర్లు. వీధివైపు బల్ల దగ్గర నేను రిపేర్లు చేసేవాణ్ణి. గోడవైపు మెషీను మీద నా భార్య రత్నం తెలుగు టైపు చేసేది. టీ తాగి మా పనుల్లో మేం పడ్డాం. పదకొండున్నరకల్లా గోడవైపు మెషీనులో ఉన్న రెండున్నరేళ్ళ పని పోయింది.

రత్నం చనిపోయి రెండేళ్ళయింది. షాపు మూసేశాను. కంప్యూటర్ సర్వీసు పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు వచ్చి ఏవో అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎన్ని మెషీన్లు బాగుచేశానో, ఏ కోర్సులు చదివానో ఇందులో ఉండదు. ఫైళ్ళు పంచుకునే వెబ్‌సైట్లు, వాటి మీద వచ్చే ప్రకటనలు, ఆ ప్రకటనలు జనానికి చేసిన నష్టం, ఆ నష్టంలో నా వంతు ఎంత అన్నది ఉంటుంది.

బిమల్ దా దగ్గర

షాపు పెట్టకముందు ఎనిమిదేళ్ళు మలంచా రోడ్డు మీద బిమల్ దా సర్వీసు సెంటర్లో పనిచేశాను. దా అంటే బెంగాలీలో అన్న. ఆయన బెంగాలీలోనే మాట్లాడతాడు. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మంచి పనివాడు. కోపం తక్కువ, అనుమానం ఎక్కువ. ఎవరైనా మెషీను పట్టుకుని పరిగెత్తుకొస్తే ముందు కుర్చీ వేయమనేవాడు. "కంగారులో ఉన్నవాడు అబద్ధం చెప్తాడు. కూర్చున్నాక నిజం చెప్తాడు. నీకు నిజం కావాలి" అనేవాడు. ఈ ముప్పై నాలుగేళ్ళలో నాకు అంతకంటే పనికొచ్చిన పాఠం లేదు.

పనికిరాని పాఠం కూడా ఒకటి ఆయనే నేర్పాడు.

ఫైళ్ళు పంచుకునే సైటు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఈమెయిల్లో పట్టని పెద్ద ఫైలును ఎవరో ఒక సైటులో పెడతారు. లింకు ఇస్తారు. ఆ లింకు తెరిస్తే పేజీ మీద 'డౌన్‌లోడ్' అని నాలుగు బటన్లు కనిపిస్తాయి. మూడు ప్రకటనలు, ఒకటి అసలుది. అసలుది సాధారణంగా చిన్నగా, రంగులేకుండా ఉంటుంది. పేజీ మీద ఎక్కడ నొక్కినా ఇంకో కిటికీ తెరుచుకుని జూదమో, బూతు బొమ్మో, మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టిందన్న బెదిరింపో చూపిస్తుంది. సైటువాడు బతికేది ఆ ప్రకటనల మీదే.

బిమల్ దా రూలు ఇది: మొదటి క్లిక్కు వాళ్ళది, రెండోది మనది. పేజీలో ఖాళీ చోట ఒకసారి నొక్కాలి. చెత్త కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. దాన్ని చదవకుండా మూసేయాలి. అప్పుడు అసలు బటన్ నొక్కాలి. ఆ రోజుల్లో మనిషికి ఒకసారే ప్రకటన తెరిచేవారు కాబట్టి రూలు బాగా పనిచేసింది. నేను సొంత షాపు పెట్టుకున్నాక రత్నం చేత దాన్ని తెలుగులో టైపు చేయించి గోడకు అంటించాను. చిన్న చీటీలుగా కత్తిరించి కస్టమర్లకు ఇచ్చాను. 'మొదటి క్లిక్కు వాళ్ళకి వదిలేయండి' అని దాని మీద మొదటి వాక్యం. మా షాపు పేరు తెలియనివాళ్ళ దగ్గర కూడా ఆ చీటీ ఉండేది.

అసలు ఆ సైట్లకు మేమంతా ఎందుకు వెళ్ళేవాళ్ళం అన్న ప్రశ్నకు మర్యాదైన జవాబు లేదు. సినిమాల కోసం, పాటల కోసం, కొనకుండా వాడుకునే సాఫ్ట్‌వేర్ కోసం. దొంగసరుకు కోసం సందులోకి వెళ్ళి, అక్కడ జేబు కొట్టేశారని తిట్టుకునేవాళ్ళం. మా వృత్తిలో ఈ మాట ఎవరూ పైకి అనరు. నేను కూడా షాపు మూశాకే అంటున్నాను.

రుమాలులో ఫోను

సింహాచలంగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఒకరోజు ఫోనును రుమాలులో చుట్టి తెచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"బాబూ రావూ, లోపలెవలైనా ఉన్నారేటి?"

"రత్నం ఉంది. రండి బాబాయ్."

"ఆ అమ్మని ఓపాలి బయటికెళ్ళమను."

రత్నం తెర మీంచి తల తిప్పలేదు. "నాను సూడను బాబాయ్. నా టైపు నాకుంది. మీరు రండి."

ఆయన రుమాలు విప్పి ఫోను బోర్లా పెట్టారు. "నానేటీ సెయ్యలేదు. భజన పాటలు దింపుకున్నాను. అదేటో 'ఎలౌ' నొక్కమన్నాది. నొక్కినాను. గుమ్మంలోకొచ్చి అడిగినోల్ని కాదంటామేటి?"

"తర్వాత?"

"తర్వాతేటి, అప్పట్నుంచీ ఆడోళ్ళొస్తన్నారు. పొద్దున్నా, మద్దేనం. ఒంటిమీద బట్ట నేదు. నిన్న కోడలు అన్నం వడ్డిస్తంటే టింగుమని మోగి పైకొచ్చీసినారు. ఆ పిల్ల గరిటి అక్కడే పడీసి లోనికెళిపోయింది. నాతో మాటాడ్డం నేదు."

రత్నం టైపు ఆపకుండా అడిగింది. "భజన ఎవలిది బాబాయ్?"

"రాముడిదే తల్లీ. ఆయన మీదొట్టు."

ఆయన ఫోనులో వైరస్ ఏమీ లేదు. ప్రకటన పేజీకి నోటిఫికేషన్లు పంపే అనుమతి ఆయనే ఇచ్చేశారు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ అనుమతి తీసేస్తే అయిపోయింది. నాలుగు నిమిషాల పని. తర్వాత ఆయన కోడలికి ఫోను చేసి, తప్పు ఫోనుది కాదు, మామగారిదీ కాదు, ఇది వీధిలో సగం ఇళ్ళలో జరుగుతోందని చెప్పాను. ఆ ఫోను కాల్ కూడా సర్వీసులో భాగమే. మనిషి సిగ్గు పోకుండా మెషీను బాగుపడినా లాభం లేదు. ఇలాంటి కేసు వస్తే తెరను మిగతా కస్టమర్లకు కనపడకుండా తిప్పండి. ఏం చూశారని అడగకండి, ఏం నొక్కారని అడగండి.

నేను అడిగాను. దింపుకోవడం ఎవరు నేర్పారని.

ఆయన చొక్కా జేబులోంచి చీటీ తీశారు. మా షాపు చీటీ. "మీ సీటీ సూసే సేసినాను. ఒకటోది వదిలీమన్నారు. వదిలీసినాను. అదే కదా ఎలౌ అన్నాది."

"మూసేయమని రాశాం కదా బాబాయ్, నొక్కమని కాదు."

"మూసీడానికి గుర్తు కనపడితే కదా."

అప్పుడే నాకు అర్థం కావాల్సింది. ఆ మొదటి కిటికీ మునుపటిలా మూసేస్తే పోయేది కాదు. అది ఏదో ఒకటి అడిగి, తీసుకుని గాని పోవడం లేదు. రూలు పాతబడిందని ఆయన నా చేతిలో పెట్టి మరీ చూపించారు. నేను మాత్రం పెద్దాయన సరిగ్గా చదవలేదనుకున్నాను. చీటీ గోడ మీద అలాగే ఉంది.

టీచర్ పుస్తకం

సరోజినీ టీచర్ తెలుగు మీడియం బడిలో తొమ్మిది, పది తరగతులకు సైన్సు చెప్పేది. సిలబస్ మారింది. కొత్త సిలబస్‌కు బెంగాలీలో, ఇంగ్లీషులో పుస్తకాలు వచ్చాయి. తెలుగులో రాలేదు. వచ్చే సూచన కూడా లేదు. ఆవిడ తానే రాయడం మొదలుపెట్టింది. వారానికి నాలుగైదు కాగితాలు రాసి తెచ్చేది. రత్నం టైపు చేసేది. బొమ్మలు టీచర్ చేత్తో గీస్తే స్కాన్ చేసేవాళ్ళం. రెండున్నరేళ్ళకు పద్నాలుగు అధ్యాయాలు అయ్యాయి.

టీచర్‌కు ఒక పద్ధతి ఉంది. టైపు చేసిన ప్రతిని దిద్దడం అయ్యాక చేతిరాత కాగితాలు, దిద్దిన కాగితాలు అన్నీ మా షాపులోనే కూర్చుని చింపేసేది. రెండు ప్రతులు బతికుంటే పిల్లల చేతికి తప్పుల ప్రతే వెళ్తుందని ఆవిడ అనుభవం. ఒకసారి నీటి సాంద్రత తప్పు పడిన పాత కాగితం చూసి పదకొండు మంది ఒకే తప్పు రాశారట. అందుకే చింపుడు. పుస్తకం మొత్తం ఎక్కడుంది అంటే గోడవైపు మెషీనులో ఉంది, దానికి తగిలించే బయటి డిస్కులో ఉంది. అంతే.

ఇంకోచోట కూడా ఉంది. సెలవులు ఇచ్చే రోజున టీచర్ బడి పక్కనున్న జెరాక్స్ అతనికి ఫైలు ఇవ్వమంది. అతను పెన్‌డ్రైవ్ తీసుకోనన్నాడు. "దాంతో వైరస్సులొస్తాయి, లింకు పెట్టండి" అన్నాడు. నేను పుస్తకాన్ని ఒక ఉచిత సైటులో పెట్టి లింకు పంపాను. బడి తెరిచాక తీసుకుంటానని అతను ఊరుకున్నాడు. ముప్పై రోజులు ఎవరూ తీసుకోని ఫైలును తీసేస్తామని ఆ సైటులో రాసి ఉంది. నేను చదివాను, పట్టించుకోలేదు. రత్నం మాత్రం తన నోటుపుస్తకంలో లింకూ తేదీ రాసుకుంది.

టెస్టు పరీక్షలు పన్నెండు రోజుల్లో పడ్డాయి. పిల్లలకు ఫోనులో చదువుకునేలా కూడా పుస్తకం కావాలని టీచర్ అడిగింది. మా దగ్గరున్న పాత సాఫ్ట్‌వేర్ నుంచి పిడిఎఫ్ చేయడానికి ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ కావాలి. తయారుచేసినవాళ్ళే సొంత పేజీలో ఉచితంగా ఇచ్చేవి ఉన్నాయి. అయినా మా చేతులకు ఉన్న అలవాటు వేరు. ఏది కావాలన్నా ఆ సందులోకే వెళ్ళడం. రిపేరువాళ్ళ ఫోను గ్రూపులో ఎవరో ఇచ్చిన లింకు రత్నానికి ఇచ్చి, దింపుకోమన్నాను.

ఏం నొక్కావు

నా ముందు ఒక మెషీను మూత విప్పి ఉంది. రత్నం పిలిచింది.

"ఏవండీ."

"ఊఁ."

"పుస్తకం మూసుకుపోయింది."

"మళ్ళీ తెరువు."

"తెరుసుకోటం నేదు. ఓపాలి ఇలా సూడండి. ఫైళ్ళ పేర్లు మారిపోతన్నాయి."

లేచి చూశాను. ఒక్కొక్క ఫైలు పేరు చివర తెలియని అక్షరాలు చేరుతున్నాయి. పై వరుస నుంచి కిందికి, ఎవరో కూర్చుని టైపు చేస్తున్నట్టు.

"ఏం నొక్కావు?" అన్నాను.

ఆమె మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

"ఏం నొక్కావంటే?"

ఆ ప్రశ్న రెండుసార్లు అడగడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషం నాది. మీరు ఈ పనిలోకి వస్తే గుర్తుపెట్టుకోండి. ముందు ప్లగ్గు పీకండి, తర్వాత అడగండి. నేను అడిగి, తర్వాత పీకాను. పీకుతుండగా చూశాను, బయటి డిస్కు దీపం కూడా మినుకుమంటోంది. పొద్దున్న ఒక కస్టమరుకు పాటలు కాపీ చేయడానికి తగిలించి, తీయడం మర్చిపోయాను.

పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఇంకో సిస్టంతో మెషీను తెరిచి చూస్తే పద్నాలుగు అధ్యాయాల్లో చివరి రెండు మిగిలాయి. బొమ్మలు మొత్తం పోయాయి. డిస్కులో కాపీ ఏదీ మిగల్లేదు. ఫైళ్ళకు తాళం వేశామని, డబ్బు కడితే తీస్తామని ఫోల్డరులో ఒక నోటీసు వదిలిపెట్టారు.

జరిగింది ఇది. రత్నం గోడ మీద ఉన్నట్టే చేసింది. ఖాళీ చోట ఒకసారి నొక్కింది. కిటికీ తెరుచుకుంటే మూసేసింది. కానీ ఆ మొదటి క్లిక్కు కిటికీ తెరవడంతో ఆగలేదు. మేం వెతుకుతున్న సాఫ్ట్‌వేర్ పేరుతోనే ఒక ఫైలును చప్పుడు లేకుండా దింపింది. రెండో క్లిక్కుకు తొంభై సెకన్లు ఆగమన్న లెక్క మొదలైంది. ఈలోగా ఆమె ఫోల్డరులో చూస్తే సరైన పేరుతో ఫైలు ఉంది. వచ్చేసిందనుకుని తెరిచింది.

యాంటీవైరస్ ఉంటే ఆపేదేమో. దాన్ని ఏడాది కిందట నేనే ఆపేశాను. పేజీలు సర్దే మా సాఫ్ట్‌వేర్ కొన్నది కాదు కాబట్టి అది తెరిచినప్పుడల్లా యాంటీవైరస్ గోల పెట్టేది. ఆపేసినట్టు రత్నానికి చెప్పలేదు.

పన్నెండుకు టీచర్ వచ్చింది.

"ఏటి రత్నం, ఫోన్లోకి ఎక్కిందా మన పుస్తకం?"

నేను బల్ల మీది స్క్రూలు ఏరుతున్నాను.

"ఏటి, ఇద్దరూ అలగున్నారు. తగువాడుకున్నారా?"

రత్నం లేచి నిలబడింది. "టీచర్, పుస్తకం పోయింది. నానే నొక్కినాను."

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఆమె నేను చెప్పినట్టే నొక్కింది, కాపలా తీసేసింది నేను, డిస్కు తగిలించి వదిలేసింది నేను. అది చెప్పలేదు. "ఇంకో కాపీ ఉంది టీచర్‌గారూ, తెస్తాను" అన్నాను. అదీ నిజమే. కానీ చెప్పాల్సిన మాట అది కాదు.

టీచర్ కూర్చుంది. "నా దగ్గర ముక్క కాయితం నేదు. మీ కళ్ళ ముందే సింపీసినాను."

"తెలుసు."

"ముప్పై ఒక్క మంది పిల్లలు రావుగారూ. పన్నెండు రోజులు. బెంగాలీ పుస్తకం సేతికిచ్చి సదువుకోండ్రా అననా?"

రత్నం తన నోటుపుస్తకం తీసి పేజీ నా ముందు పెట్టింది. లింకు, తేదీ, వేళ. వేలితో లెక్కపెట్టి చూపించింది. "ఈవేళ ఇరవై తొమ్మిదోది. ముప్పైకి తీసేత్తారో, ముప్పై దాటాక తీసేత్తారో నాకు తెల్దు. బయల్దేరండి."

మలంచా, మధ్యాహ్నం

మా షాపు మెషీన్లు రెండూ ఒకే ఇంటర్నెట్ తీగకు తగిలి ఉండేవి. రెండోదాన్ని నమ్మదలచుకోలేదు. సైకిలు మీద బిమల్ దా దగ్గరకు వెళ్ళాను. ఆయనకు అప్పటికే డెబ్భై దాటాయి. రోజూ వచ్చి కూర్చునేవాడు.

"ముందు కూర్చో" అన్నాడు.

"కూర్చునే టైం లేదు దాదా."

"అందుకే కూర్చో."

కూర్చుని చెప్పాను. ఆయన లోపలి గదిలో ఒక మెషీను ఖాళీ చేయించి, దాని డిస్కు తీగ పీకేసి, పెన్‌డ్రైవ్ సిస్టంతో నడిపించాడు. అలా నడిపితే ఏం దిగినా మెషీను ఆపగానే పోతుంది. సైటు తెరిచాం. ప్రకటనలు ఆపే సాధనం తీసేస్తే గాని పేజీ చూపించనంది. తీసేశాం. పేజీ వచ్చింది. ఫైలు ఇంకా ఉంది. పేరు కింద దాని సైజు ఎనభై నాలుగు ఎంబీ అని ఉంది.

బిమల్ దా మౌసు ఖాళీ చోటుకు జరిపాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"మొదటిది వదిలెయ్యాలి కదా" అన్నాడు.

"వద్దు దాదా. పొద్దున్న ముంచింది అదే."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆ రూలు నాది" అన్నాడు.

"గోడకు అంటించింది నేను" అన్నాను.

నొక్కకుండా ఒక్కొక్క బటన్ మీద మౌసు పెట్టి, తెర అడుగున కనిపించే చిరునామా చదివాం. పచ్చ బటన్ వేరే ఎక్కడికో. నీలం బటన్ వేరే ఎక్కడికో. బాణం గుర్తుదీ అంతే. పేజీ అడుగున బూడిదరంగులో ఉన్న ఒక చిన్న మాట చిరునామాలో మాత్రమే ఆ సైటు సొంత పేరు ఉంది. దాన్ని నొక్కాను. అయినా ప్రకటనే తెరుచుకుంది. తెరంతా ఎరుపు, సైరన్ మోత, మీ కంప్యూటర్ స్తంభించింది, ఫలానా నంబరుకు ఫోను చేయండి అని ఒక ఆడగొంతు. బయట కూర్చున్న కస్టమర్లు తొంగిచూశారు. బిమల్ దా స్పీకరు తీగ పీకాడు. మెషీను ఆపి మళ్ళీ వేశాం.

పేజీ మీద కంటికి కనిపించని పొర ఒకటి పరిచి ఉంచారని అప్పటికి అర్థమైంది. సరైన బటన్ నొక్కినా వేలు ముందు ఆ పొరకే తగులుతుంది. మౌసు వదిలేశాను. కీబోర్డు మీద ట్యాబ్ నొక్కుతూ ఒక్కో లింకు దాటుకుంటూ వెళ్ళాను. పదకొండోసారికి బూడిదరంగు మాట చుట్టూ చిన్న గీత కనిపించింది. బిమల్ దా వంగి అడుగున చిరునామా పైకి చదివాడు. ఎంటర్ నొక్కాను. ఏ కిటికీ తెరుచుకోలేదు. తొంభై సెకన్ల లెక్క మొదలైంది. తర్వాత ఫైలు దిగడం మొదలైంది, చాలా నెమ్మదిగా.

రత్నం ఫోను చేసింది. "టీచర్ ఇక్కడే కూకున్నారు. అన్నం కూడా తినలేదు. ఏటి సెప్పమంటారు?"

"వస్తోందని చెప్పు."

"వస్తంటే వస్తందని సెప్తాను. లేదంటే లేదని సెప్తాను. ఏది?"

"సగం వచ్చింది."

"సగమని సెప్తాను."

డెబ్భై శాతం దగ్గర లైను తెగింది. మళ్ళీ తెరిస్తే, ఉచితంగా తీసుకునేవాళ్ళు రెండు గంటలు ఆగాలంది. మూడూ ఇరవై అయింది. సగంలో తెగినదాన్ని తీసుకున్నట్టు లెక్కవేస్తారో లేదో మాకు తెలియదు. తెల్లారేసరికి ఫైలు ఉంటుందో లేదో తెలియదు. బిమల్ దా మోడెం ఆపి, ఐదు నిమిషాలాగి వేశాడు. సైటుకు మేం కొత్త మనుషుల్లా కనిపించాం. మళ్ళీ పదకొండు ట్యాబులు. మళ్ళీ తొంభై సెకన్లు. ఈసారి బిమల్ దా ముందే జాగ్రత్తపడ్డాడు. షాపులో మిగతా మెషీన్లకు ఇంటర్నెట్ ఆపించాడు. ఒక కస్టమరు సణిగాడు. "అరగంట ఓపిక పట్టు, లోపల ఆపరేషన్ జరుగుతోంది" అన్నాడు బిమల్ దా.

ఐదుకు పది నిమిషాలుండగా దిగడం పూర్తయింది. తెరవలేదు. ముందు సైజు చూశాం, ఎనభై నాలుగు. పేరు చివరి అక్షరాలు చూశాం, జిప్. అప్పుడు తెరిచాం. మూడో అధ్యాయంలో టీచర్ గీసిన కటకం బొమ్మ వచ్చింది. దాన్ని రెండు పెన్‌డ్రైవ్‌ల మీదకు, ఒక సీడీ మీదకు ఎక్కించాం.

నేను షాపుకు చేరేసరికి టీచర్ గుమ్మంలో నిలబడి ఉంది. నా ముఖం చూసి లోపలికి వెళ్ళి కుర్చీ లాక్కుంది. సెలవుల్లో చేసిన దిద్దుబాట్లు ఆ కాపీలో లేవు. నలభైకి పైగా ఉన్నాయి. టీచర్ గుర్తుచేసుకుని ఒక్కొక్కటీ చెప్తే రత్నం నాలుగు రోజులు కూర్చుని మళ్ళీ కొట్టింది. నాలుగో రోజు సాయంత్రం జెరాక్స్ అయింది. పిల్లలకు చదువుకోవడానికి వారం దొరికింది.

ఆ మర్నాడే పిడిఎఫ్ సాఫ్ట్‌వేర్‌ను, తయారుచేసినవాళ్ళ సొంత పేజీ నుంచి దింపాను. ఐదు నిమిషాలు పట్టింది. ఒక్క ప్రకటన కూడా రాలేదు.

మీకు చెప్పదలచుకున్నది

సాంకేతికంగా చెప్పాల్సింది పైన కథలోనే ఉంది. నొక్కేముందు చిరునామా చదవండి. తెరిచేముందు సైజు, పేరు చివర చూడండి. వెబ్‌పేజీ ఏదైనా అనుమతి అడిగితే వద్దనండి. కాపీ తీసిన డిస్కును విప్పి అరలో పెట్టండి. యాంటీవైరస్ గోల పెడుతుంటే ఎందుకో కనుక్కోండి, నోరు నొక్కకండి.

ఇంకోటి కష్టమైనది. మనం జనానికి ఉపాయాలు నేర్పుతాం. కారణం చెప్పం. చెప్తే మనతో పని ఉండదని లోపల ఒక భయం. ప్రకటనలవాడు పద్ధతి మార్చిన రోజు కారణం తెలిసినవాడు ఆగి ఆలోచిస్తాడు. ఉపాయం మాత్రమే తెలిసినవాడు నమ్మకంగా వెళ్ళి అందులో పడతాడు. రత్నం జాగ్రత్తలేక పడలేదు. మా షాపులో ఆమెకంటే జాగ్రత్తగలవాళ్ళు లేరు. నేను చెప్పింది తూచా తప్పకుండా చేసి పడింది. కస్టమరుకు నష్టం జరిగితే అతను ఏం తప్పు చేశాడా అని చూడకముందు, మనం ఏం చెప్పి పంపామో చూడండి.

గోడ మీది కాగితం ఆ వారమే చింపాను. బయటికి వెళ్ళిన చీటీలను వెనక్కి తేలేకపోయాను. తర్వాత చాలాకాలం వరకూ వాటితో దెబ్బతిన్నవాళ్ళు వస్తూనే ఉన్నారు. వాళ్ళందరికీ కూర్చోబెట్టి చెప్పాను, తప్పు చీటీదని.

టీచర్‌కు మాత్రం రత్నం ఉన్నంతకాలం చెప్పలేదు. ఊళ్ళో కొందరు రత్నం నొక్కి పుస్తకం పోగొట్టిందని చాలాకాలం చెప్పుకున్నారు. ఆమె విని నవ్వి ఊరుకునేది. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. ఎందుకని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే షాపు పేరు పోతుందని చెప్పేవాణ్ణి. అది జవాబు కాదని ఇద్దరికీ తెలిసేది.

ఆమె పోయిన నెలకు సరోజినీ టీచర్ ఇంటికి వెళ్ళాను. రిటైరై ఇంట్లోనే ఉంటోంది. కూర్చుని మొత్తం చెప్పాను. రూలు, యాంటీవైరస్, డిస్కు, అర నిమిషం.

ఆవిడ విన్నది. "నాకు తెలుసు రావుగారూ. ఆ గోడ మీద కాయితం రెండున్నరేళ్ళు సూసినాను. సదువొచ్చినదాన్నే కదా."

"మరి ఎప్పుడూ అనలేదు."

"అందామనే అనుకున్నాను. ఆ రోజు మీరు మలంచా ఎళ్ళినాక రత్నమే సెయ్యట్టుకున్నాది. ఆయన్నేటీ అడక్కండి టీచర్, ఆయనకి తెలుసు, అదే ఆయనకి సాలు అన్నాది."

నేను లేచి వచ్చేశాను.

పుస్తకం నా దగ్గర మూడు చోట్ల ఉంది. టీచర్ రిటైరయ్యాక ఆ స్థానంలోకి తెలుగు వచ్చిన సైన్సు టీచర్ రాలేదు. తొమ్మిది, పది తరగతులకు ఆ బడిలో ఇప్పుడు సైన్సు తెలుగులో చెప్పడం లేదు.